లైమ్ తగ్గాక కూడా తల తేరుకోలేదు: నా అనుభవం

మేం ఉండేది అమెరికాలోని కనెక్టికట్‌లో. పిడుదు కుడితే బ్యాక్టీరియా వల్ల వచ్చే లైమ్ జబ్బుకి ఆ పేరు ఈ రాష్ట్రంలోని ఊరి నుంచే వచ్చింది. ఇక్కడ జింకలు పెరట్లోకే వస్తాయి, పిడుదులూ ఉంటాయి. గసగసాల గింజంత పిల్ల పిడుదు కుట్టినా తెలియదు. నా తొడ మీద ఎర్రమచ్చ రోజురోజుకీ పెద్దదైంది, జ్వరమొచ్చింది. మచ్చ చూడగానే డాక్టర్ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. తొలి వారాల్లో ఒంట్లో యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కొనే పదార్థాలు) తయారుకాక రక్తపరీక్ష నెగెటివ్ రావచ్చు కాబట్టి రిపోర్టు కోసం ఆగలేదు. జ్వరం పోయింది, తల మాత్రం తేరుకోలేదు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మెయిల్ చివరికొచ్చేసరికి మొదటి లైను గుర్తుండేది కాదు. మీటింగులో ఇద్దరు మాట్లాడితే ఎవరి మాటా అందేది కాదు. గుంటూరు నుంచి అమ్మ ఫోన్‌లో, "ఏమ్మా, మాట మధ్యలో ఆగిపోతున్నావేంటి?" అంది. ఆ రాత్రి చాలా భయమేసింది.

ఒక క్లినిక్‌లో ఇది క్రానిక్ లైమ్ అనీ, అంటే లైమ్ ఇంకా ఒంట్లో ఉండిపోయిందనీ, నెలల తరబడి యాంటీబయాటిక్ ఎక్కించుకోవాలనీ అన్నారు. మా న్యూరాలజిస్ట్ వద్దన్నారు. కొలంబియా యూనివర్సిటీ అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. అందులో పది వారాలు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించినవాళ్ల ఆలోచనాశక్తి కొంత మెరుగుపడినా, 24వ వారానికి అది నిలవలేదు. నరంలో పెట్టే ట్యూబు వల్ల ఇన్ఫెక్షన్లు, రక్తపు గడ్డలు కూడా రావచ్చు. న్యూరాలజిస్ట్ మాటే విన్నాను.

ఎంఆర్ఐ, వెన్నునీటి పరీక్ష, బీ12, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత జ్ఞాపకం, ఆలోచన ఎలా ఉన్నాయో పరీక్షించే న్యూరోసైకాలజిస్ట్ దగ్గర పెద్ద పరీక్ష. అంకెలు వెనక్కి చెప్పడం, అంకెనీ అక్షరాన్నీ మార్చి మార్చి గీతతో కలపడం, ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలిగితే అన్ని చెప్పడం. సగంలోనే కళ్లు మూతలు పడ్డాయి, మధ్యలో పడుకోనిచ్చారు. నాకు ఇంగ్లీషు మాతృభాష కాదని ముందే రాసుకున్నారు, అది తప్పకుండా చెప్పాల్సిన విషయం.

జ్ఞాపకం చెదరలేదని రిపోర్టులో వచ్చింది. వేగం, మాట వెతుక్కోవడం మందగించాయి. "విషయం లోపలికి వెళ్తోంది, ఆలస్యంగా వెళ్తోంది" అన్నారు ఆ న్యూరోసైకాలజిస్ట్. మతిమరుపు జబ్బేమోనన్న టెన్షన్ అక్కడితో పోయింది.

ఆ రిపోర్టు ఆఫీసులో ఇస్తే మీటింగు విషయాలు ముందే రాసి పంపడానికీ, ఒకసారికి ఒకే పని ఇవ్వడానికీ ఒప్పుకున్నారు. ఇప్పుడు ఉదయం పూట మునుపటిలా పని చేయగలుగుతున్నాను. మధ్యాహ్నం దాటాక కష్టమైన పని పెట్టుకోవడం లేదు.