మనోడే బావా, మోసం చెయ్యడు

గల్ఫ్‌కు పోతామని ఎవరైనా మా ఇంటికొస్తే జీతమెంతని నేను ముందు అడగను. ఏజెంటు లైసెన్స్ నంబర్ ఏదంటాను. జగిత్యాల వైపు మా ఊళ్లలో దీనికి జవాబు ఎప్పుడూ ఒకటే: "మనోడే."

మొన్న మా బామ్మర్ది కూడా అదే అన్నాడు. దుబాయిలో హెల్పర్ పని, లక్షా ఇరవై వేలు, సగం ముందే కట్టాలట. తీసుకునేది పక్కూరి మనిషి. "ఆయన వెనకాల ముంబైలో ఆఫీసుంది బావా!" ఉంటే ఉండొచ్చు. కానీ లైసెన్స్ ఉన్న ఏజెంటు ఊరూరా సబ్ ఏజెంట్లను పెట్టుకుని వసూలు చేయడానికి చట్టం ఒప్పుకోదు.

విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్ ఫోన్‌లోనే తెరిచాం. ఏజెన్సీ పేరు కొడితే లైసెన్స్ నంబర్, గడువు, సస్పెండ్ అయిందా లేదా అన్నీ వస్తాయి. వాడు చెప్పిన పేరు లేదు. ఒక్క అక్షరం తేడాతో ఇంకోటి ఉంది. అందులో ఉన్న నంబరుకే ఫోన్ చేశాం, ఏజెంటు ఇచ్చినదానికి కాదు. పక్కూరి మనిషెవరో తమకు తెలీదన్నారు.

ఇక వాట్సాప్‌లో వచ్చిన వీసా కాపీ చూస్తే విజిట్ వీసా. అక్కడికి పోయాక మార్పిస్తాడట! మావాడు పదో తరగతి తప్పాడు, పాస్‌పోర్ట్ ఈసీఆర్, అంటే పోయేముందు ప్రభుత్వం పరిశీలించాల్సిన రకం. అలాంటివాళ్లు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి కావాలి. విజిట్ వీసా మీద పంపేస్తే ఆ గొడవ ఉండదు, ఏజెంటుకు హాయి. క్లియరెన్స్‌తో పోయినవాడికి 10 లక్షల ప్రవాసీ బీమా ఉంటుంది, కాంట్రాక్టు సర్కారు రికార్డులో ఉంటుంది. విజిట్ మీద పోయినవాడికి జీతం ఆగితే చూపించుకోవడానికి కాగితం ముక్క ఉండదు.

ఫీజు సంగతి కూడా చెప్పాలి. ఏజెంటు తీసుకోవాల్సింది మహా అయితే 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. లైసెన్స్ ఉన్నవాళ్లంతా ఇంతకే పంపుతారని నేను చెప్పను, మా దగ్గర ఎవరూ నమ్మరు కూడా. కానీ వాళ్ల బ్యాంకు గ్యారంటీ ప్రభుత్వం దగ్గరుంటుంది, హైదరాబాద్‌లో వలస కార్మికుల సంగతి చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసుకు పోయి ఫిర్యాదు చేయొచ్చు. మనోడి మీద ఎక్కడ చేస్తాం?

టామ్‌కామ్‌లో పేరు రాయించమన్నాను. విదేశాల్లో పనికి పంపే సంస్థ, తెలంగాణ ప్రభుత్వానిదే, దానికీ లైసెన్స్ ఉంది. "అది లేటవుతుంది బావా" అని సణుగుతున్నాడు. పాస్‌పోర్ట్ ఇంకా ఆ మనిషి దగ్గరే ఉంది. రేపు ఇద్దరం పోయి అడుగుతాం, ఇవ్వనంటే అటునుంచి అటే పోలీస్ స్టేషన్‌కు.