సలమాంకాలో స్పానిష్

నల్లగొండలో తెలుగు, ఉర్దూ వింటూ పెరిగిన నాకు, స్పెయిన్‌లో 1218 నాటి విశ్వవిద్యాలయమున్న సలమాంకాకు వెళ్లి అక్కడి భాషా పాఠశాలలో చేరితే, మొదటి గంట నుంచే స్పానిష్ తప్ప మరో భాష వినిపించక ఊపిరాడలేదు. అయితే క్రియ చివరను బట్టే కర్త ఎవరో తెలియడం, పెద్దలకు ఒక సంబోధన, చనువున్నవారికి మరొకటి ఉండడం మన పద్ధతే కాబట్టి, ఆ పాఠాలు పక్కనున్న ఇంగ్లీషువారికంటే నాకే తేలికగా పట్టుబడ్డాయి; సందేహాన్నీ కోరికనూ తెలిపే క్రియారూపాలు మాత్రం ఇప్పటికీ తిప్పలు పెడుతున్నాయి. నిజానికి తరగతి కంటే బస ఇచ్చిన ఇంట్లోనే ఎక్కువ నేర్చుకున్నాను. ఆ ఇంటి పెద్దావిడ రాత్రి పూట బంగాళాదుంపల ఆమ్లెట్‌ను పళ్లెంలోకి బోర్లించి, మళ్లీ పెనం మీదికి జారుస్తూ, చేసే ప్రతి పనినీ పైకి చెప్పేవారు. ఒకనాడు పట్టుబట్టి, జొన్నరొట్టె ఎట్లా చేస్తారో నాచేత స్పానిష్‌లోనే పూర్తిగా చెప్పించారు.