కౌంటర్ ముందు కూర్చుని తిన్న సుషి

నిన్న రాత్రి ఊరి శివార్లలో ఉన్న చిన్న జపనీస్ రెస్టారెంట్‌కి వెళ్లాం. టేబుల్ ఖాళీ లేక కౌంటర్ దగ్గర కూర్చోబెట్టారు, అదే మంచిదైంది. షెఫ్ చేతులు తడి చేసుకుని, వెనిగర్, పంచదార, ఉప్పు కలిపిన అన్నం చిన్న ముద్ద తీసుకుని, దానిమీద చేప ముక్క పెట్టి రెండు వేళ్లతో మెల్లగా నొక్కి మా ముందు పెడుతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. అన్నం గోరువెచ్చగా, చేప చల్లగా. ఎంత బాగుందో!

ఇన్నాళ్లూ సుషి అంటే పచ్చి చేప అనుకున్నాను, అసలు ఆ పేరు పుల్లటి అన్నం వల్ల వచ్చిందట (ఒట్టి చేప ముక్కలైతే సాషిమి). అన్నం వైపు సోయా సాస్‌లో ముంచితే విడిపోతుంది, చేప వైపే ముంచాలని ఆయనే చూపించారు. అల్లం ముక్కలేమో ఒక చేప తిన్నాక ఇంకోటి తినేముందు నోట్లో పాత రుచి పోవడానికట. 19వ శతాబ్దంలో ఎడోలో, అంటే ఇప్పటి టోక్యోలో, వీధి బండ్ల మీద నిలబడి తిన్న తిండి ఇది. మళ్లీ వెళ్తే కౌంటరే అడుగుతాను.