ప్యాంగాంగ్ ఒడ్డున వేగుచుక్క

2025 మహాలయ అమావాస్యకు రెండు రోజుల ముందు, లేహ్ నుంచి చాంగ్ లా కనుమ దాటి, ప్యాంగాంగ్ సరస్సు ఒడ్డున ఉన్న స్పాంగ్మిక్ గ్రామానికి చేరుకున్నాను. అందరూ పగటిపూట నీళ్ల రంగు చూడడానికి వచ్చే ఆ చోటికి, నేను రాత్రి తూర్పు కొండల మీద పొడిచే రెండు వెలుగుల కోసం వెళ్లాను.

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి వరకు ఈ సరస్సు మీదుగా గుర్తు తెలియని వెలుగులు కదులుతున్నాయని మన సైనికులు 329 సార్లు నమోదు చేశారు. వాటిలో 155 సార్లు అవి మనకూ చైనాకూ మధ్య ఉన్న వాస్తవాధీన రేఖ దాటి వచ్చాయని రాశారు. చైనా గూఢచారి డ్రోన్లేమోనని అనుమానించారు. రాడార్‌కు మాత్రం ఏమీ చిక్కలేదు. చివరికి భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలను పిలిపించారు. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు తీర్చిదిద్దిన సంస్థ అది, దాని అబ్జర్వేటరీ ఇదే లద్దాఖ్‌లోని హాన్లేలో ఉంది. వెలుగులు కనిపించిన వేళనూ దిక్కునూ ఆకాశంలోని గ్రహస్థానాలతో పోల్చి చూసి, వాటిలో ఒకటి గురుడు, మరొకటి శుక్రుడు అని వారు తేల్చారు.

ఆ వార్త వచ్చినప్పుడు చాలామంది సైనికులను ఎగతాళి చేశారు. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఆ ఒడ్డున కూర్చున్నాక మరీ అన్యాయమనిపించింది. 4,200 మీటర్లకు పైబడిన ఎత్తులో గాలి పలుచన, తేమా ధూళీ తక్కువ. అందుకే మన ఊళ్లో మసకగా కనిపించే గ్రహం అక్కడ దీపంలా వెలుగుతుంది. మొదటి రాత్రి 1 గంట 31 నిమిషాలకు ఎదుటి కొండ అంచు మీద గురుడు తళుక్కుమన్నప్పుడు, గ్రహమని తెలిసి కూడా, ఎవరో శిఖరం మీద టార్చి వేశారేమోనని ఒక క్షణం ఒళ్లు జలదరించింది. చుట్టూ చీకట్లో ఆనవాలు ఏదీ లేక, రెప్ప వేయకుండా చూస్తున్న కొద్దీ ఆ వెలుగు పక్కకు జరుగుతున్నట్టే ఉంది. గుడారపు తాడును గురిగా పెట్టుకుని చూస్తే గానీ, అది తక్కిన చుక్కలతో కలిసి నిదానంగా పైకి ఎక్కుతోందని నమ్మకం కుదరలేదు.

రెండో రాత్రి అదే రాతి మీద కూర్చుని, అదే అంచు వైపు చూశాను. గురుడు 1 గంట 28 నిమిషాలకే వచ్చాడు. నక్షత్రాలు రోజుకు దాదాపు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి. వాటి మధ్య మెల్లగా కదిలే గురుడూ ఇంచుమించు అదే లెక్కలో నడుస్తాడు. డ్రోన్ నడిపేవాడికి ఆ క్రమం పాటించే అవసరమేముంది? అయితే ఈ సంగతి తేలాలంటే ఎముకలు కొరికే చలిలో ఎవరో ఒకరు ప్రతి రాత్రీ వేళ రాసిపెట్టాలి. ఆ పని చేసినవారు సైనికులే.

వేగు అంటే తెల్లవారుజాము, వేగు అంటే గూఢచారి కూడా. 4 గంటల 36 నిమిషాలకు శుక్రుడు, మా అమ్మమ్మ చూసి పాలు పితకడానికి లేచే ఆ వేగుచుక్కే, కొండ మీదికి వచ్చాడు. నీళ్లలో సన్నని వెండిగీత పడింది. తూర్పు తెల్లబడి తక్కిన చుక్కలన్నీ కరిగిపోయాక కూడా అతడొక్కడే చాలాసేపు నిలిచాడు. వేళ్లు కొంకర్లు పోతున్నా ఆ నిమిషం కూడా పుస్తకంలో రాసుకున్నాను.