దానిమ్మ మొగ్గ ఏ నెలలో తొడగాలి?

దానిమ్మ తోటలో బ్యాక్టీరియా మచ్చ తెగులు కనిపించిందని ఎవరైనా చెప్పినప్పుడు నేను మొదట అడిగేది పూతను ఏ బహారుకు, అంటే ఏ పూత కాలానికి, వదిలారన్నదే. మందుల సంగతి ఆ తరువాత. మన వాతావరణంలో ఏడాది పొడవునా మొగ్గ తొడగగల చెట్టు కావడం వల్ల, రైతు కొంతకాలం నీళ్లు ఆపి, బెట్టకు గురిచేసి, కొమ్మలు కత్తిరించి, ఎత్రెల్ పిచికారీతో ఆకు రాల్చి, మళ్లీ డ్రిప్ వదిలి తనకు కావలసిన కాలంలో పూత తెప్పించుకుంటాడు. జనవరి, ఫిబ్రవరి పూత అంబే బహార్. జూన్, జూలైలది మృగ్ బహార్. సెప్టెంబర్, అక్టోబర్‌లది హస్త బహార్.

ఈ ఎంపికలో ధర గురించి జరిగేంత చర్చ తెగులు గురించి జరగదన్నది నా బాధ. తెగులుకు కారణమైన జాంథోమోనాస్ బ్యాక్టీరియాకు 30 డిగ్రీల దరిదాపు వేడి, గాలిలో అధిక తేమ, ఆకుల మీద, పిందెల మీద నిలిచే తడి కావాలి. వాన చినుకులు చిమ్మినప్పుడు అది తెగులు సోకిన కొమ్మల నుంచి, రాలిన ఆకుల నుంచి లేత భాగాల మీదికి చేరి, పత్రరంధ్రాల గుండా, గాయాల గుండా లోపలికి పోతుంది. మృగ్ బహారులో చిగురు, మొగ్గ, పువ్వు, పిందె అన్నీ నైరుతి వానల్లోనే వస్తాయి గనుక చెట్టు తెగులుకు చిక్కడానికి అంతకన్నా అనువైన సమయం ఉండదు. మొదట నూనె పూసినట్టుండే మచ్చ నల్లబడి, కాయ ఎల్, వై ఆకారాల్లో పగులుతుంది. అలాంటి కాయను కొనేవారుండరు. 2000వ దశకంలో అనంతపురం జిల్లా రైతులు ఎన్నో తోటలను ఈ తెగులు వల్లే పీకివేయవలసి వచ్చింది.

హస్త బహారులో మొగ్గ వానల చివర తొడిగినా, కాయ ఎదిగే నెలలు చల్లగా, పొడిగా ఉంటాయి. సోలాపూర్‌లోని జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం తెగులున్న ప్రాంతాలకు హస్త బహారును సూచించడానికి కారణం ఇదే. అయితే వానాకాలంలో నేల ఆరక బెట్ట సరిగా పడదు, పూత విడతలు విడతలుగా వస్తుంది; సెప్టెంబరులో మంచి వానలు పడే అనంతపురంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. విడతల పూత నాకు ధర తగ్గడం కన్నా ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది, ఎందుకంటే ఒకే చెట్టు మీద ముదురు కాయ, లేత పిందె, మొగ్గ కలిసి ఉన్నంతకాలం బ్యాక్టీరియాకు లేత భాగం దొరకని వారమంటూ ఉండదు. అందువల్ల చెట్టుకు మూడు, నాలుగు నెలల విశ్రాంతి ఇవ్వడం, కత్తిరింపుల తరువాత ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) కొట్టడం, రాలిన ఆకును ఏరి కాల్చివేయడం, ఆలస్యంగా వచ్చిన మొగ్గలను గిల్లివేయడం తప్పనిసరి అని నా అభిప్రాయం. పక్క తోట మృగ్ బహారులో ఉంటే గాలివాన అక్కడి తెగులును ఇక్కడికి మోసుకువస్తుంది కాబట్టి, ఊళ్లోని దానిమ్మ రైతులంతా నీళ్లు ఆపకముందే కూర్చుని ఒకే బహారుకు ఒప్పుకోవాలని గట్టిగా కోరుతున్నాను.