ఆ ఇళ్లలో పిల్లలు ఏ భాష మాట్లాడారు?

"లేని ఊరికి ఎందుకమ్మా పోవడం?" అంది మా పాప. ఈ వేసవికి ఇండియా వెళ్లినప్పుడు వాళ్ల అవ్వ, అంటే మా అమ్మ, పుట్టిన ఊరి వైపు తీసుకెళ్తానంటే వచ్చిన జవాబది. ఆ ఊరు శ్రీశైలం రిజర్వాయరులో మునిగిపోయింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, అక్కడ నిలబడి అవ్వ ఊరు ఎటువైపుండేదో చూపిస్తానన్నాను. ఆ మాట దానికి ఆనలేదు. నాకు మాత్రం గుచ్చుకుంది.

ఆ వారాంతం షాంపూయీ వెళ్లాం. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌కు దక్షిణాన, విలామెట్ నది ఒడ్డున ఉంటుంది. నడక తేలిక, పసిపిల్లల బండి కూడా హాయిగా పోతుంది. ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో వెళ్లండి. ఈ లోయలోని గడ్డి మైదానాల్లో కామస్ మొక్కలు నీలంగా పూసే కాలమది.

అదీ లేని ఊరే. 1843 మే 2న ఆరెగాన్‌లో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటుకు ఓటేసింది అక్కడే. 1861 డిసెంబరు వరద ఆ ఊరిని ఊడ్చేసింది. ఇప్పుడంతా గడ్డి. వీధులు కలిసిన చోట్ల పేర్లు రాసిన గుంజలు పాతారు. మా పాప ఒక్కో గుంజ దగ్గరికీ పరిగెత్తి పేరు చదివింది.

ఆ మైదానం దానంతటది ఏర్పడింది కాదు. ఆ లోయ ఆదివాసులైన కలపూయా ప్రజలు ఏటా గడ్డికి నిప్పు పెట్టి, అడవి కమ్ముకోకుండా కాపాడుకున్న నేల. కామస్ దుంపల్ని మట్టిలో గొయ్యి తీసి కాల్చుకుని తినేవాళ్లు. 1830ల్లో మలేరియా వాళ్లలో ఎక్కువమందిని పొట్టనపెట్టుకుంది. 1850 నాటి అమెరికా చట్టం వలస వచ్చిన దంపతులకు ఆ నేలలో 640 ఎకరాల దాకా ఇచ్చింది. ఆ నేల గురించి కలపూయాలతో ఒప్పందం కుదిరింది మాత్రం 1855లో! మరుసటి ఏడాది మిగిలినవాళ్లను గ్రాండ్ రోండ్ అనే రిజర్వేషన్‌కు, అంటే ఆదివాసులకు కేటాయించిన ప్రాంతానికి, తరలించారు. మా అమ్మ వాళ్లకు పరిహారమైనా వచ్చింది, చాలిందా అన్నది వేరే మాట. ఈ రెండింటినీ ఒక గాటన కట్టలేను, పాపకూ అలా చెప్పలేదు.

నన్ను ఇంకా వదలనిది అక్కడి తొలి ఇళ్ల సంగతి. బొచ్చుతోళ్ల వ్యాపారం చేసే హడ్సన్ బే కంపెనీలో కొలువు మానుకున్న ఫ్రెంచ్ కెనడియన్లు 1830 ప్రాంతంలో ఆ చుట్టుపక్కల సేద్యానికి దిగారు. వాళ్ల భార్యలు స్థానిక తెగల ఆడవాళ్లు. పిల్లలు తండ్రి దగ్గర ఫ్రెంచి వినేవాళ్లు. చాలా ఇళ్లలో అందరూ కలిసి మాట్లాడుకున్నది మాత్రం చినూక్ వావా. ఎన్నో తెగల మాటలూ ఫ్రెంచీ ఇంగ్లీషూ కలగలిసిన భాష. గ్రాండ్ రోండ్‌లో అది బతికింది, ఈనాటికీ అక్కడ పిల్లలకు నేర్పుతున్నారు.

ఇంట్లో తెలుగే మాట్లాడాలన్నది నా పట్టు. కోపమొస్తే మాత్రం నేనే ఇంగ్లీషులో అరుస్తాను. పాప "నేను వాక్ చేసి అలసిపోయాను" అంటే ఆపి దిద్దుతాను. ఆ రోజూ దిద్దాను. అది వాక్యం సరిచేసి చెప్పి, ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మిగతా తల్లిదండ్రులకు నేనిచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: ఇంట్లో రాజీ పడొద్దు. ఇప్పుడా మాట అంత ధైర్యంగా అనలేకపోతున్నాను. షాంపూయీ తొలి ఇళ్లలోని ఆ తల్లుల్లో ఎవరైనా తన బిడ్డ నోట తన తెగ మాట పలచబడుతోందని కుమిలిపోయి ఉండదా? ఉండే ఉంటుంది. ఆ పిల్లలకు దొరికిన భాష ఆ తల్లికి ఓదార్పేనా అంటే నాకు జవాబు తోచదు. దిద్దడం మానేస్తే మా అమ్మతో పాప పూర్తిగా మాట్లాడలేని రోజొస్తుందని భయం. దిద్దుతూ పోతే నాతోనే మాటలు తగ్గించేస్తుందేమోనని ఇంకో భయం.