ఛాసీకి వెల్డింగా!

శనివారం, రాత్రి పదకొండు.

రెండుసార్లు తలస్నానం చేసినా జుట్టులోంచి తుప్పు వాసన పోలేదు. పొద్దున కాఫీ తాగి పక్కింటాయన పాత కమారో కారు కింద దూరినవాణ్ణి, సాయంత్రం ఐదింటికి బయటపడ్డాను. అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ట్రాయ్‌లో ఈ ఇల్లు కొన్నప్పుడు బడి ఎంత దూరమో చూసుకున్నాం గానీ పక్కన ఎవరున్నారో చూసుకోలేదు. ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. గరాజ్ నిండా పనిముట్లు, వాటి మధ్య 1968 కమారో. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లన్నీ ఊరేగుతాయి కదా, ఆ రోజుకు దీన్ని రోడ్డెక్కించాలని ఆయన పట్టుదల. ఇవాళ్టి పని సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు వెయ్యడం, అంటే కారు అడుగున ముందు ఫ్రేమునూ వెనక పట్టీలనూ కలిపే గొట్టాలు అతకడం. నా వంతు పని చెప్పినచోట పట్టుకోవడం, నిప్పురవ్వ ఎక్కడైనా అంటుకుంటే నీళ్లు చల్లడం.

మామయ్యగారు కూడా వచ్చారు. ఆరు నెలలకని ఇక్కడికి వచ్చిన మనిషికి శని, ఆదివారాలు తప్ప మిగతా రోజులన్నీ కిటికీయే లోకం. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీలకు బాడీలు కట్టారాయన. గరాజ్‌లోకి రాగానే చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూర్చుని, కారు కిందికి తొంగిచూసి అడిగిన మొదటి మాట:

"ఛాసీ ఏది బాబూ?"

ఆయన లెక్కలో ఛాసీ అంటే రెండు పొడవాటి దూలాలు, వాటి మధ్య అడ్డంగా క్రాస్ మెంబర్లు. కంపెనీ నుంచి అది ఒంటరిగా వస్తుంది, దాని మీద బాడీ కడతారు. 1964 పాంటియాక్ జీటీవో, ఆ కాలపు షెవ్రొలే షెవెల్ కూడా అదే జాతి, ఫ్రేము వేరు, బాడీ వేరు. ఫోర్డ్ మస్టాంగ్‌కు ఆ దూలాలు విడిగా ఉండవు. నేల, పక్కలు, పైకప్పు అన్నీ అతుక్కున్న రేకు డబ్బాయే దాని ఎముకలగూడు. దాన్నే యూనిబాడీ అంటారు. ఇక కమారో అటూ ఇటూ కానిది. ఇంజనును మోసే ముందు సగానికి మాత్రం ఫ్రేము ఉంది, అది బోల్టులతో డబ్బాకు బిగించి ఉంటుంది. అదే సబ్‌ఫ్రేమ్. ముందు సీటు కాళ్ల దగ్గర అది ఆగిపోతుంది. వెనక చక్రాల ముందు మళ్లీ పట్టీలు మొదలవుతాయి. మధ్యలో ఉన్నది పల్చటి నేల రేకే.

"మధ్యలో ఏమీ లేదా? మరి ఇంజనో?" అన్నారు మామయ్యగారు.

327 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల వీ8 అని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

ఈ పేర్ల గందరగోళం నాకు ఏడాదిగా అలవాటే. టార్క్ బాక్సు అంటే గేర్‌బాక్సుకు చుట్టమనుకున్నాను మొదట్లో. కాదు, ముందు పట్టీని తలుపు కింద రాకర్ అనే దూలానికి కలిపే మూల డబ్బా అది. క్రైస్లర్ వాళ్లు హెమీ అనే బలమైన ఇంజను పెట్టినవాటికీ పైకప్పు లేనివాటికీ దాన్ని ప్రత్యేకంగా అతికేవారు. షెవెల్ యజమానులు "బాక్స్ చేశాం" అంటే సీ ఆకారపు దూలానికి తెరిచి ఉన్న వైపు పలక వేసి మూశామని. ఎవరైనా మస్టాంగ్ చూపించి "దీని ఛాసీ మార్పించాను" అన్నారంటే మా పక్కింటాయన ముఖం చూడాలి, పెళ్లి భోజనంలో పప్పులో ఉప్పు మరిచినట్టు పెడతాడు.

తిట్టడమే కాదు, చూపించడమూ తెలుసు ఆయనకు. వంటింటి కాగితపు చుట్ట అయిపోతే మిగిలే అట్ట గొట్టం తెచ్చి మామయ్యగారి చేతికిచ్చి మెలితిప్పమన్నాడు. తిరగలేదు. చాకుతో నిలువునా ఒక్క గీత కోసి మళ్లీ ఇచ్చాడు. ఈసారి రెండు వేళ్లతో తిరిగిపోయింది. అట్ట అదే, బరువు అదే, పోయింది ఒక్క అతుకు. మామయ్యగారు దాన్ని అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి, "మన లారీ ఛాసీ ఇదే కదా, తెరిచిన సీ! తిరగాలనే అలా పెడతారు. గోతిలో ఒక చక్రం దిగితే ఛాసీ మెలిక పడాలి, లేకపోతే రెండో చక్రం గాల్లో ఉంటుంది" అన్నారు. అదంతా నేను ఇంగ్లీషులో చెబితే పక్కింటాయన చాలాసేపు ఆయన వంకే చూశాడు.

గొడవ వచ్చింది ఆ తర్వాతే. రెండంగుళాల చదరపు గొట్టాన్ని సబ్‌ఫ్రేమ్‌కు ఆనించి పక్కింటాయన వెల్డింగ్ ముసుగు దించగానే, మామయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఛాసీకి వెల్డింగా! అక్కడే చీలుతుంది." లారీ దూలం అంచుకు ఆటోనగర్‌లో వెల్డింగ్ పెట్టరు, కన్నం కూడా వెయ్యరు, బాడీని యూ బోల్టులతో కట్టేస్తారు. మెలిక తిరుగుతూ ఉండేదానికి అతుకు శత్రువు. ఈ కారులో అసలు మెలికే తిరగకూడదు. స్ప్రింగులు ఎంత గట్టివి వేసినా బాడీయే స్ప్రింగులా ఊగుతుంటే వాటి పని అవి చెయ్యలేవు. ఈ రెండు నిజాలకూ మధ్య కారు కింద వెల్లకిలా పడుకుని నేను తర్జుమా చేశాను.

చివరికి ఒప్పించింది జాకీ. ముందు ఒక మూల ఎత్తి తలుపు తెరిచి మూస్తే, బాడీ మెలికపడి గొళ్లెం పడలేదు. దించాక పడింది. మామయ్యగారు ఇంకేమీ అనలేదు.

అంతకు ముందే పక్కింటాయన టేపుతో మూల నుంచి మూలకు కొలిచాడు. తేడా అంగుళంలో ఎనిమిదో వంతు. బోల్టులు వదులు చేసి సబ్‌ఫ్రేమ్‌ను జరిపి, రెండు కర్ణాలూ సమానం అయ్యాకే బిగించాడు. సబ్‌ఫ్రేమ్‌కూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు బుష్‌ల బదులు అల్యూమినియంవి పోయిన వారమే వేశాడు, కనెక్టరు కదలనివ్వనప్పుడు రబ్బరు కదులుతానంటే కుదరదు కాబట్టి. కారు బరువంతా చక్రాల మీద ఉండగానే అతకాలి, గాల్లో వేలాడదీసి అతికితే ఆ వంకరే శాశ్వతమవుతుంది. ఇటు అంగుళం, అటు అంగుళం, మధ్యలో చల్లారనివ్వడం. ఎడమవైపు అయ్యేసరికి వెల్డింగ్ తీగ చుట్ట అయిపోయింది.

భోజనాల దగ్గర మామయ్యగారు, "పైకప్పు లేని కమారోకు ఏం చేసేవాళ్లు?" అని అడిగారు. కొన్నింటికి నాలుగు మూలలా నాలుగు డబ్బాలు తగిలించేవారని, వాటిలో నూనె, స్ప్రింగు మీద బరువు ఉంటాయని, వణుకును అవి మింగేస్తాయని, కాక్‌టెయిల్ షేకర్లని ముద్దుపేరని చెప్పాను. ఆయన ముద్ద పక్కన పెట్టి నవ్వారు. "బిగించడం చేతకాక బరువు కట్టారన్నమాట!"

తర్వాత కాసేపు మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఒకవైపే వేడి తగిలింది కాబట్టి అటువైపు లాక్కుని ఉంటుందని, రేపు కుడివైపు మొదలుపెట్టేముందు కర్ణాలు మళ్లీ కొలవాలని అన్నారు. టేపు ఉందిగా అన్నాను. టేపు మధ్యలో కిందికి వంగుతుందట. ఇప్పుడు మామయ్యగారు మా ఆవిడ కుట్టు డబ్బా ముందేసుకుని గట్టి దారం వెతుకుతున్నారు.